స్థూలకాయము నేరమా?

గ్రుడ్డివానిని జూచి నవ్వువాడు నేటి సంఘమున అరుదు. కుంటివానిని పరిహసించిన పిల్లవానిని తల్లి చెవి మెలిపెట్టి మందలించును. కాని లావుపాటి మనుష్యుడు వీధిని బోవుచుండగా పెదవి బిగబట్టుకొనగల పెద్దమనుష్యు లెందఱున్నారు? మన నాటకములందును, తరువాత వచ్చిన చలనచిత్రములందును స్థూలకాయుడు కనబడుటయే హాస్యమునకు గుఱుతు. అతడు నోరు తెఱవక మున్నే జనులు నవ్వుదురు. ఇతర విషయములందు మిక్కిలి సున్నితమైన మనస్సు గలవారు, పుట్టుకను బట్టి యొకని నీచముగా జూచుట పాపమని సభలలో జెప్పువారు, విందులో ప్రక్కన గూర్చున్న లావుమనిషి విస్తరివంక జూచి కనుసైగలు చేసికొనుట నేను పలుమారులు చూచితిని. చూచుటయే కాదు, చేసితిని కూడ. ఆ సంగతి చివర జెప్పెదను.

దీనికి గారణ మొక్కటియే. కుంటితనము దైవికమనియు, లావు స్వయంకృతమనియు మనము నమ్ముచున్నాము. నవ్వు క్రింద నొక తీర్పు దాగియున్నది. వీడు తినగూడనంత తినెను, కదలవలసినంత కదలడాయెను, తన నాలుకను తాను ఏలుకొనలేకపోయెను. కాబట్టి వీని దేహమే వీని దోషమునకు సాక్షి. ఈ తీర్పు న్యాయమగునా యని విచారించుట యిచట నా పని. ఇందుకు నేను ధర్మశాస్త్రముల నాశ్రయింపలేదు. మన గుండె చేయు పని యొకటి 1981 మొదలు క్రమక్రమముగా తెలియవచ్చినది. అది యీ తీర్పును తిరుగదోడుటకు చాలునని నాకు దోచుచున్నది.

తీర్పు చెప్పువారి లెక్క తేలికైనది. తిన్న యన్నము ఆదాయము, నడక, పని, ఊపిరి, ఒంటి వేడి, ఇవి వ్యయము, మిగిలినది క్రొవ్వు. ఈ లెక్క తప్పని నేననను. శక్తి శూన్యమునుండి పుట్టదు. అయితే ఒక యింటి గాదెలో ధాన్యము పెరుగుచున్నదన్న మాత్రమున ఆ యింటి యజమాని పిసినిగొట్టని తేల్చవచ్చునా? గాదె తాళపుచెవి యెవరి యొద్ద నున్నదో, దాని నెప్పుడు తెఱచుచున్నారో, తెఱువుమని వచ్చిన కబురు లోపలివారికి జేరుచున్నదో లేదో అడుగవలదా? క్రొవ్వు దేహమున కొక గాదె. ఇన్సులిను అను హార్మోను దానికి గొళ్లెము పెట్టును. భయము గలిగినపుడును, శ్రమపడునపుడును ఊరు ఎడ్రినలిను ఆ గొళ్లెమును దీయును. హార్మోను అనగా ఒక యవయవమునుండి బయలుదేఱి, రక్తమున బడి పోయి, దూరముననున్న మఱొక యవయవమునకు ఆజ్ఞ వినిపించు దూత యని చదువరులు గ్రహింతురు గాక. ఈ యిద్దఱు దూతల సంగతి వైద్యులు చాలకాలముగా నెఱుగుదురు. గాదె తెఱచు మఱొక తాళపుచెవి గుండె యొద్ద నున్నదని మాత్రము నిన్న మొన్నటి వఱకు లోకమునకు దెలియదు.

గుండెను గూర్చిన ఆధునికుల యభిప్రాయము 1628లో విలియము హార్వే వ్రాసిన గ్రంథముతో స్థిరపడినది. అది రక్తమును దేహమంతటను త్రిప్పు యంత్రము. తరువాత మూడువందల యేబది యేండ్లు అది యంత్రముగనే యుండెను. చెప్పిన పని చేయు కూలి, నోరులేని యెద్దు. మెదడు ఆజ్ఞాపించును, గ్రంథులు ఆజ్ఞాపించును, గుండె కొట్టుకొనును. నడుమ 1956లో బ్రూనో కిష్ అను నాతడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో గుండె పైగదులగు కర్ణికల కణములను బరిశీలించి, వానిలో చిన్న చిన్న రేణువులుండుట గనిపెట్టెను. అట్టి రేణువులు హార్మోనులను నిలువజేయు గ్రంథులలో నుండదగినవి. కూలివాని మూటలో రాజముద్రిక కనబడినట్లయ్యెను. కాని ఆ మూట విప్పి చూచుటకు ఇరువదియైదేండ్లు పట్టినది.

1981లో కెనడాదేశమునందలి కింగ్‌స్టను నగరమున అడాల్ఫో డి బోల్డును ఆయన తోడివారును ఎలుకల కర్ణికలను నూఱి, ఆ సారమును వేఱు ఎలుకల రక్తమున కెక్కించిరి. కొలది నిమిషములలో ఆ యెలుకలు ఉప్పును నీటిని విస్తారముగా మూత్రమున విడిచెను; వాని రక్తపుపోటు తగ్గెను. గుండెకు నోరున్నదనియు, అది మూత్రపిండములతో మాటలాడుచున్నదనియు అపుడు తేలినది. రక్తము మిక్కుటమై కర్ణికల గోడలు సాగినపుడు గుండె యీ పదార్థమును విడుచును. మూత్రపిండములు దానిని విని ఉప్పును నీటిని వెళ్లగొట్టును. గుండె మోయు బరువు తగ్గును. దీనికి ఎట్రియల్ నేట్రియురెటిక్ పెప్టైడని పేరు. ఇది 28 ఎమైనో ఆమ్లముల గొలుసు. 1988లో జపాను శాస్త్రజ్ఞులు దీని చెల్లెలి నొకదానిని పంది మెదడునుండి వెలికిదీసిరి. మెదడున దొరకినందున బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడను పేరు దానికి నిలిచినది గాని, మనుష్యులలో అది ముఖ్యముగా గుండె క్రిందిగదులగు జఠరికలలో బుట్టునదే. పేరు మెదడుది, పుట్టిల్లు గుండెది. వైద్యులు దీనిని బి.ఎన్.పి. యందురు. ఈ పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనితో మఱల పని యున్నది.

ఇంతవఱకు ఉప్పు, నీరు. క్రొవ్వుతో గుండెకేమి పని? 2000వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు తులూజు నగర పరిశోధకులు మనుష్యుల క్రొవ్వు కణములపై ఈ పెప్టైడులను ప్రయోగించి చూడగా, ఆ కణములు తమ నిలువను విడువసాగెను. ఎడ్రినలిను త్రోవ వేఱు, దీని త్రోవ వేఱు. కణపు గోడపైనున్న గ్రాహకమును పెప్టైడు తాకును. లోపల సైక్లిక్ జి.ఎం.పి. అను పదార్థము పుట్టును. దానివలన లైపేజు అను ఎంజైము మేల్కొని క్రొవ్వును చిన్న చిన్న ఆమ్లములుగా విడగొట్టి రక్తమున కిచ్చును.

ఆలోచించినకొలది ఇందలి యుక్తి యింపుగా నున్నది. గుండె తన పనికి గావలసిన శక్తిలో సగమునకు మించి క్రొవ్వు ఆమ్లములనుండియే గ్రహించును. మనము వడిగా నడచినపుడు, మెట్లెక్కినపుడు, రక్తము వేగముగా మఱలివచ్చి కర్ణికలను సాగదీయును. కర్ణికలు పెప్టైడును విడుచును. క్రొవ్వు కరిగి కండరములకును గుండెకును ఆహారమగును. బండి లాగుచున్న యెద్దు తన మేత తానే తెప్పించుకొన్నట్లున్నది. ఎడ్రినలిను త్రోవను మందుచేత మూసినను వ్యాయామమున క్రొవ్వు కరగుట నిలిచిపోకుండుటకు ఈ రెండవ త్రోవ తోడ్పడుచున్నదని ఆ తులూజువారే పిమ్మట చూపిరి.

ఇచట నొక చిన్న సంగతి చెప్పక ముందునకు బోలేను. క్రొవ్వును విడిపించు ఈ గుణము ఎలుకలలోను, కుందేళ్లలోను, కుక్కలలోను పరిశోధకులకు గనబడలేదు. కోతులలోను మనుష్యులలోను గనబడినది. కారణమేమన, క్రొవ్వు కణముపై రెండు విధములైన గ్రాహకములు గలవు. ఒకటి దూతను లోనికి రానిచ్చి మాట వినును. రెండవది దూతను వాకిటనే మ్రింగివేయును. ఎలుక కణములపై ఈ మ్రింగుడు గ్రాహకములే మెండు. ఆ గ్రాహకము లేకుండ పుట్టించిన చుంచెలుకల ఒంట క్రొవ్వు మిక్కిలి తగ్గియుండెనని 2012లో ప్రకటింపబడినది. నిలువ యుంచు తెల్లక్రొవ్వును, మండి వేడి పుట్టించు గోధుమవన్నె క్రొవ్వు స్వభావమునకు కొంతవఱకు త్రిప్పు శక్తియు ఈ పెప్టైడులకు గలదని ఆ పరిశోధనయందే తేలెను. “వాని గుండె కరగినది” యని మనము వాడుకగా ననుచుందుము. కరగునది క్రొవ్వు, కరగించునది గుండె యని శాస్త్రము మన పలుకుబడిని తలక్రిందు చేసినది.

ఇక అసలు సంగతి. అమెరికాయందలి ఫ్రేమింగ్‌హాము అను పట్టణపు జనుల గుండెలను వైద్యులు 1948 మొదలు తరతరములుగా బరీక్షించుచున్నారు. ఆ లెక్కలనుండి 2004లో ఒక వింత వెలువడినది. గుండె చెడనివారిలో, స్థూలకాయుల రక్తమున ఈ పెప్టైడులు బక్కవారి రక్తమునకన్న తక్కువ. నిజమునకు హెచ్చుగా నుండవలసినది; ఏలయన లావుపాటి దేహమున రక్తము హెచ్చు, పోటు హెచ్చు, గుండె గోడలపై బరువు హెచ్చు. బరువు హెచ్చినకొలది గుండె మొఱపెట్టవలెను గదా! దీనికి జెప్పు కారణములలో నొకటి, ఆ దేహపు క్రొవ్వు కణములపై మ్రింగుడు గ్రాహకములు మెండుగా నుండుట. ఇన్సులిను పెరిగినకొలది అవియు పెరుగును. గుండె కబురంపుటయే తగ్గినదనువారును గలరు. ఏదైనను ఫలితమొక్కటే. గాదె తెఱచు నవసర మెవనికి మిక్కుటమో వానికే తాళపుచెవి చిన్నదైనది. బరువు తగ్గినచో పెప్టైడులు మఱల పెరుగును గనుక ఈ చక్రము వెనుకకును తిరుగగలదు. కాని మొదటి త్రిప్పు త్రిప్పుటయే కష్టము. ఆ కష్ట మెంతటిదో బక్కవాడెఱుగడు. అతని చక్రము పుట్టుకతోనే అటువైపు తిరుగుచున్నది.

ఇప్పుడు తీర్పునకు వత్తము. ఇద్దఱు ఒకే బరువును మోయుచుండగా ఒకడు పడినచో వానిని తప్పుపట్టవచ్చును. ఒకని బరువు రెండింతలై, ఆ సంగతి మనకు గనబడకున్నచో? తాను మితాహారి ననియు, జిహ్వను జయించితి ననియు బక్కపలుచని పెద్దమనుష్యులు సంతోషముతో జెప్పుకొనుట నేను తఱచుగా వినుచుందును. వారి నిగ్రహమును నేను శంకింపను. కాని గెలిచిన యుద్ధమెంత పెద్దదో ఎదిరిపక్షమును జూడక చెప్పలేము. వారి శత్రువు ముసలియై, నిరాయుధుడై యుండవచ్చును. డెన్మార్కున బాల్యమున దత్తుపోయిన 540 మందిని, వారు పెద్దవారైన పిదప పరిశీలించి 1986లో లెక్కలు ప్రకటించిరి. వారి లావు సన్నములు కన్నవారితో సరిపోలెను గాని పెంచినవారితో సరిపోలలేదు. ఏండ్ల తరబడి తిన్నది పెంచిన తల్లి వంట. ఒడలు మాత్రము కన్నతల్లిది.

మన ప్రాచీనులీ సంగతి యెఱుగరా? చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయము పేరు అష్టౌనిందితీయము. లోకమున నిందింపబడు ఎనిమిది దేహములను అందు జెప్పిరి. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావైనవాడు, మిక్కిలి చిక్కినవాడు. మొదటి ఆఱుగురి సంగతి స్వయంకృతమని ఎవడును అనడు. ఆ వరుసలోనే, పొట్టివానికిని నల్లవానికిని తోడుగా, లావువానిని గూర్చుండబెట్టినారు. అతిస్థౌల్యమునకు గారణములు జెప్పునపుడు అతిభోజనము, వ్యాయామము లేమి, పగటినిద్ర మున్నగువానితోబాటు బీజస్వభావమును గూడ జేర్చినారు. మనము తిండిని నిద్రను పట్టుకొని బీజమును విడిచితిమి. నింద యను మాటను మాత్రము భద్రముగా దాచుకొంటిమి.

నా మిత్రుడొకడు దీనిని విని అడ్డు తగిలెను. ఆయన మద్యపానమును మాన్పించుటకై యేండ్ల తరబడి పాటుపడినవాడు. “ఇట్లే చెప్పుచు బోయినచో త్రాగుబోతు తన నరములమీదను, కోపిష్ఠి తన పిత్తముమీదను తప్పు త్రోసి తప్పించుకొందురు. మన తాతలు తలవ్రాత యనిరి. నీవు హార్మోను అనుచున్నావు. భేదమేమి?” అని యడిగెను. ఈ ప్రశ్న తేలికగా ద్రోసివేయదగినది కాదు. సంస్కారమునకు బాటుపడు వారందఱును మనుష్యుడు మాఱగలడను నమ్మకముపైననే నిలిచియున్నారు. ఆ నమ్మకము పోయినచో మన పత్రిక లెందుకు, సభ లెందుకు?

రెండు దినము లాలోచించి నేను చెప్పిన ప్రత్యుత్తరమిది. తలవ్రాతను చదివినవాడు లేడు, దిద్దినవాడు లేడు. పెప్టైడును కొలువవచ్చును, శ్రమచే పెరుగునని, లావుచే తగ్గునని తెలిసినది. తెలిసినదానిపై పని చేయవచ్చును గనుక ఇది చేతులు ముడుచుకొనుమని చెప్పు శాస్త్రము కాదు. ఇంతకన్న ముఖ్యమైనది మఱొకటి. మనము దేహమునొక రాజ్యమనియు, సంకల్పము దానికి ఏకచ్ఛత్రాధిపతి యనియు దలచితిమి. రాజ్యము చెడినచో రాజు దోషియే గదా! కాని గుండె, క్రొవ్వు, మూత్రపిండము, ప్రేగు, మెదడు, ఇవన్నియు తమలో తాము కబురులంపుకొనుచు, మన యెఱుక లేకయే తీర్మానములు చేసికొనుచున్నవి. ఇది రాజ్యము కాదు, పంచాయతి. సంకల్పము అందొక సభ్యుడు. ఆ యొక్కని మాటయే చెల్లలేదని నేరము మోపుట అన్యాయము. చెల్లదని యతడు మాటలాడుటయే మానుకొనుటయు తప్పే. కాలువిఱిగిన వానిని నేరస్థుడవని యెవడును అనడు. అయినను కఱ్ఱ పట్టుకొని నడువవలసినవాడు వాడే. పూచీ వేఱు, నేరము వేఱు. మిత్రుడు కొంత ఒప్పుకొనెను, కొంత ఒప్పుకొనలేదు. త్రాగుడు సంగతి మాత్రము విడువడాయెను. నేనును ఆ దినమునకు విడిచితిని.

పోనిండు, నిందవలన మేలు గలుగుచున్నదా? నేను జూచినంతలో నింద లావుమనిషిని వీధినుండి యింటిలోనికి, పంక్తినుండి వంటయింటి మూలకు తఱుముచున్నది. కర్ణికలు సాగి కబురంపవలెనన్న నడక కావలెను. నడువబోవువానిని నవ్వి లోనికి బంపు మందు ఏమి మందు? మన స్త్రీల విషయమున ఇది మఱింత క్రూరము. ఆడుపిల్ల పరుగెత్తరాదు, దభదభ నడువరాదు. కాన్పు తరువాత మంచము దిగరాదు. మిగిలిన యన్నము పాఱవేయుట దోషము గనుక అందఱు లేచిన పిదప తానే తినవలెను. ఇట్లు ఇరువదియేండ్లు నడిపి, నలువదియవ యేట ఆమెను జూచి నవ్వుదురు. నేడును తెల్లవాఱుజామున రహదారిపై నడువబోయిన లావుపాటి యిల్లాలిని ఎవడో యొకడు ఏదో యొకటి అనకమానడు.

గుండె క్రొవ్వును కరగించునని చదువగానే ఆ పదార్థము సీసాలో దొరకునా యని వెదకువారుందురు. కర్ణికల పెప్టైడు రక్తములో నిలుచునది కొలది నిమిషములే. పైగా రక్తపుపోటును దించును. అది సన్నబడుటకు వాడదగిన మందు కాదు. ఇంతకన్న ఈ ప్రస్తావన యనవసరము.

మా మేనత్త లావుమనిషి. పెండ్లిండ్లలో పంక్తిని గూర్చుండెడిది కాదు. తక్కువ తిన్నచో ఇంట తినివచ్చినదనువారు; సరిగా తిన్నచో ఒకరి నొకరు మోచేతితో పొడుచుకొనువారు. అందుచేత వడ్డన పనిలో తిరుగుచుండి, చివర వంటశాలలో తిన్నాననిపించెడిది. కొన్నియేండ్ల క్రిందట ఆమెకు ఆయాసము మొదలైనది. నగరమున నొక వైద్యుని యొద్దకు గొనిపోయితిమి. ఆయన ఆమెను త్రాసుపై నిలువబెట్టి, ఆయాసమునకు లావే కారణమని చెప్పి, అయినను బి.ఎన్.పి. పరీక్ష వ్రాసియిచ్చెను. గుండె అలసి, సాగి, పని చేయలేనపుడు ఈ పెప్టైడు రక్తమున పెరుగును గనుక దానిని గొలిచి హృదయవైఫల్యమును గుర్తించుట నేటి వాడుక. అంకె హద్దునకు లోపలనే వచ్చినది. “గుండెకేమియు లేదమ్మా, తిండి తగ్గించుకొనుడు” అనెను. చదువరులు ఫ్రేమింగ్‌హాము సంగతి మఱచియుండరు. లావుపాటివారి రక్తమున ఈ యంకె మొదటినుండియే తక్కువ. బక్కవారికి పెట్టిన హద్దు వీరికి జెల్లదు. వీరికి హద్దును దించి చూడవలెనని వైద్యగ్రంథములే చెప్పుచున్నవి. ఆ వైద్యుడు చెడ్డవాడు కాడు. తీర్పు త్రాసుమీదనే అయిపోయినది, అంతే. మేమును అదే తీర్పును వెంటబెట్టుకొని యింటికి వచ్చితిమి. మఱల నెన్నిమారులు పిలిచినను ఆమె వైద్యుని యొద్దకు రాననెను. “ఆ మాట యింకొకమారు వినుటకా, నాయనా?” అనెను.

ఏడాది గడచినది. కాళ్లు వాచి, చెప్పులు పట్టకపోయెను. అపుడు బలవంతముగా వేఱొక వైద్యురాలి యొద్దకు దీసికొనిపోయితిమి. ఆమె త్రాసు జోలికి బోలేదు. కుర్చీ దగ్గఱకు లాగుకొని కూర్చుండి, “రాత్రిపూట ఎన్ని దిండ్లు పెట్టుకొని పండుకొందురమ్మా?” అని యడిగెను. మా అత్త మాటలాడక మూడు వ్రేళ్లు చూపెను. కొంతసేపటికి, ఒక్కొక్కనాడు కూర్చుండియే తెల్లవాఱునని మెల్లగా జెప్పెను. వెల్లకిల పండుకొన్నచో ఊపిరాడకుండుట గుండె అలసినదనుటకు గుఱుతని నాకపుడు తెలిసినది. మా యింటిలో నింతమందిమి, ఏడాది పాటు, ఆమెను ఆ ప్రశ్న అడుగలేదు. ఆ దిండ్లను నేను ముందే చూచియుంటిని. ఆ యేడు సంక్రాంతికి వారింటికి బోయినపుడు, మంచముపై ఒకదానిపై నొకటి పేర్చియున్న మూడు దిండ్లను జూపి, “అత్తకు మహారాణీ భోగము పట్టినది” అని పిల్లలను నవ్వించినవాడను నేనే. పిల్లలతోబాటు ఆమెయు నవ్వెను.